2 డాలర్ల 78 సెంట్ల ఇల్లు: నెబ్రాస్కాలో లేబర్ డే సెలవులు

శుక్రవారం

సెప్టెంబర్ మొదటి సోమవారం సెలవు కలిసొచ్చే లేబర్ డే వీకెండ్ వచ్చిందంటే ఒమాహాలో మనవాళ్ళు చాలామంది కొలరాడో కొండల దారి పడతారు. మేమూ వెళ్ళాల్సిందే, కానీ అత్తయ్యకు మోకాళ్ళ నొప్పులు, కొండలెక్కలేరు. పైగా మా ఆయనకు ఈమధ్య ఒక పిచ్చి పట్టుకుంది. రాత్రి భోజనాలయ్యాక సోఫాలో వాలి, అడవిలో చెక్క గది కట్టుకుని కోళ్ళు పెంచుకునేవాళ్ళ వీడియోలు యూట్యూబ్‌లో చూడటం, చూసి లేచి "మనం కూడా ఎక్కడైనా అయిదెకరాలు కొనుక్కుని వెళ్ళిపోదాం, ఈ మార్ట్‌గేజ్ వద్దు, ఈ మీటింగులు వద్దు, పాతకాలం వాళ్ళలా సింపుల్‌గా బతుకుదాం" అనడం. డిష్‌వాషర్‌లో గిన్నెలు సర్దుతూ వినేది నేను. సరే, పాతకాలం వాళ్ళు అసలు ఎలా బతికారో చూసొద్దాం పద అన్నాను. దానికి ఎక్కడికో పోనక్కర్లేదు, మేముండేదే నెబ్రాస్కా. తూర్పు నుంచి బండ్ల మీద వచ్చి, చెట్టూ చేమా లేని గడ్డి మైదానంలో కొత్తగా కాపురాలు పెట్టిన పయనీర్ల రాష్ట్రం ఇది.

ఆఫీసయ్యాక బయల్దేరి లింకన్ ఊరి మీదుగా బియాట్రిస్ చేరాం. మోటెల్ గదిలో పులిహోర, పెరుగన్నం తిని పడుకోవడం తప్ప ఈ రోజు చెప్పుకోడానికేం లేదు.

శనివారం

బియాట్రిస్ ఊరి బయటే హోమ్‌స్టెడ్ నేషనల్ హిస్టారికల్ పార్కు. టికెట్ లేదు. 1862 మే 20న అధ్యక్షుడు లింకన్ సంతకం చేసిన హోమ్‌స్టెడ్ చట్టం గురించి కట్టిందిది. ఆ చట్టం సంగతి క్లుప్తంగా చెప్తాను, ఎందుకంటే తర్వాత చూసినవన్నీ దీని చుట్టూనే తిరుగుతాయి. 21 ఏళ్ళు నిండినవాళ్ళు గానీ, వయసు ఎంతైనా ఇంటిపెద్ద అయినవాళ్ళు గానీ 160 ఎకరాలకు దరఖాస్తు పెట్టుకునే వీలుండేది. అక్కడ ఇల్లు కట్టుకుని అయిదేళ్ళు కాపురముండి సాగు చేస్తే భూమి సొంతం. ఫీజులన్నీ కలిపి 18 డాలర్లు. పౌరసత్వం తీసుకుంటామని రాసిస్తే వలస వచ్చినవాళ్ళు కూడా అప్పట్లో అర్హులే. చట్టం 1863 జనవరి 1న అమల్లోకి వచ్చింది. ఆ అర్ధరాత్రి దాటగానే డేనియల్ ఫ్రీమన్ అనే ఆయన బ్రౌన్‌విల్‌లో భూముల ఆఫీసు గుమాస్తాను బతిమాలి తలుపు తీయించుకుని దరఖాస్తు ఇచ్చాడని చెబుతారు. ఆయనకొచ్చిన పొలమే ఇప్పటి పార్కు.

లోపలికెళ్ళే దారిలో ఒక గోడ ఉంటుంది. ఈ చట్టం కింద భూములు పంచిన 30 రాష్ట్రాల ఆకారంలో లోహపు పలకలు, ప్రతి పలకలోనూ ఎంత భాగం అలా పోయిందో అంత మేర కన్నం. నెబ్రాస్కా పలకలో 45 శాతం కన్నమే. దేశం మొత్తం మీద 27 కోట్ల ఎకరాలు ఇలా ఇచ్చేశారట. మా అమ్మాయి "అది ముందు ఎవరిది?" అని అడిగింది. ఈ చుట్టుపక్కల ఒటో-మిజూరియా తెగవాళ్ళుండేవాళ్ళు, 1881లో వాళ్ళను ఓక్లహోమా వైపు పంపేశారు. ఉచితంగా పంచిన భూమి అనే మాట వెనక ఇదుంది. పార్కులో దీన్ని దాచిపెట్టలేదు, అది బాగుంది.

ఇంక ఇల్లు. పామర్-ఎపార్డ్ క్యాబిన్ అంటారు, 1867లో దుంగలతో కట్టారు. పొడవు 16 అడుగులు, వెడల్పు 14. అంటే 224 చదరపు అడుగులు, మా గరాజ్‌లో సగం అన్నమాట. అందులో పామర్ గారు పదిమంది పిల్లలతో కాపురం చేశాడు. మా ఆయన తలుపు దగ్గర నిలబడి "ఎంత ప్రశాంతంగా ఉందో" అన్నాడు. పదిమంది పిల్లలు లేరు కదా ఇప్పుడు, ప్రశాంతంగానే ఉంటుంది. పొయ్యి ఆరిపోయింది, పసిపిల్ల ఏడవడం లేదు, ఎవరికీ జ్వరం లేదు. మ్యూజియం ఇళ్ళన్నిటితో వచ్చే చిక్కే ఇది. వస్తువులు మిగులుతాయి, పని మిగలదు. వస్తువులు తక్కువ కాబట్టి జీవితం కూడా తేలిగ్గా ఉండి ఉంటుందని చూసేవాడికి అనిపిస్తుంది.

క్యాబిన్ వెనక గడ్డి మైదానం. 1939లో మళ్ళీ మొలిపించడం మొదలుపెట్టారు. సెప్టెంబర్ కదా, బిగ్ బ్లూస్టెమ్ అనే గడ్డి మా ఆయన తల దాటిపోయింది. పైకి ఎంత పెరుగుతుందో లోపలికి వేళ్ళు అంతకు మించి పోతాయట. ఈ వేళ్ళ మాట గుర్తుపెట్టుకోండి, సోమవారం పనికొస్తుంది.

కారెక్కబోతూ అత్తయ్య ఆగి నాలుగు దిక్కులా చూశారు. ఆవిడది అనంతపురం జిల్లా పల్లె. "అంతా బాగుండాది గానీ అమ్మాయ్, ఊరు యాడుండాది?" అన్నారు.

ఊరు లేదు అత్తయ్యా అన్నాను. నిజంగానే లేదు. మన దగ్గర ఇళ్ళన్నీ ఒకచోట, పొలాలు చుట్టూ. పొద్దున పొలానికి పోయి సాయంత్రం ఊళ్ళోకి వస్తాం. ఇక్కడ చట్టం ఎవరి పొలంలో వాళ్ళే ఉండాలంది. 160 ఎకరాలంటే అర మైలు పొడవు, అర మైలు వెడల్పు. కాబట్టి పక్కింటివాళ్ళంటే అర మైలు అవతల, అదీ పక్క స్థలం ఎవరైనా తీసుకుని ఉంటే. కాన్పు వచ్చినా, పాముకాటు అయినా, ఉత్తినే నాలుగు మాటలు చెప్పుకుందామన్నా అంత దూరం నడవాలి. యూరప్ పల్లెల నుంచి వచ్చినవాళ్ళు, అంటే చెక్‌లు, స్వీడన్ వాళ్ళు, జర్మన్లు, అక్కడ మనలాగే గుంపు ఇళ్ళలో బతికినవాళ్ళు. ఇక్కడికొచ్చాక భూమి దొరికింది, ఊరు పోయింది. అత్తయ్య ఇదంతా విని "అందుకే పది మందిని కన్నాడేమో, మాట్లాడేకి" అన్నారు. మా ఆయన నవ్వాపుకోలేక స్టీరింగ్ మీద తల పెట్టేశాడు.

రాత్రి బస కార్నీలో. నిద్రపోయే ముందు ఫోన్లో సాలమన్ బుచర్ తీసిన ఫోటోలు చూశాం. ఈయన 1886 నుంచి కస్టర్ కౌంటీ అంతా బండి కట్టుకు తిరిగి, మట్టి ఇళ్ళ ముందు కుటుంబాలను నిలబెట్టి వేల ఫోటోలు తీశాడు. వాటిల్లో నాకు నచ్చినవి రెండు. ఒకదాంట్లో ఒక ఇంటావిడ తన ఆర్గాన్‌ను, అదే హార్మోనియంకి పెద్దక్కలాంటి వాయిద్యాన్ని, ఆరుబయట పశువుల దొడ్లోకి మోయించి దాని పక్కన నిలబడింది. కారణం ఏమిటంటే, వెనకున్న మట్టి ఇల్లు ఫోటోలో పడకూడదు, ఊళ్ళో చుట్టాలు చూస్తే నామోషీ. ఇన్‌స్టాగ్రామ్‌లో గిన్నెల గుట్ట కనపడకుండా కెమెరా తిప్పుకునే మనం ఆవిడను చూసి నవ్వడానికి లేదు. మనకు ఇప్పుడు ముచ్చటగా కనిపించే ఆ సింపుల్ ఇల్లు అందులో ఉన్నావిడకు మాత్రం దాచుకోవాల్సిన సంగతి.

రెండో ఫోటోలో నలుగురు అక్కచెల్లెళ్ళు, క్రిస్మన్ సిస్టర్స్ అంటారు, గుర్రాలతో తమ మట్టి ఇంటి ముందు నిలబడి ఉంటారు. పెళ్ళికాని ఆడవాళ్ళూ, వితంతువులూ కూడా సొంత పేరు మీద భూమి తీసుకోగలిగేవాళ్ళు ఈ చట్టం కింద. అత్తయ్యకు ఇది చెబితే ఫోన్ చేతిలోకి తీసుకుని పెద్దది చేసి మరీ చూశారు. మన ఆంధ్రప్రదేశ్‌లో కూతుళ్ళకు ఉమ్మడి ఆస్తిలో సమాన వాటా 1985 సెప్టెంబర్ నుంచి వచ్చింది, అదీ అప్పటికి పెళ్ళికాని వాళ్ళకే. "నా పెండ్లి అప్పటికే అయిపాయె" అని ఫోన్ తిరిగిచ్చారు. అంతకు మించి ఏమీ అనలేదు, మేమూ అడగలేదు.

ఆదివారం

మిండెన్‌లో హెరాల్డ్ వార్ప్ పయనీర్ విలేజ్ అనే మ్యూజియం. ఇది చూడ్డానికి ఒక్కరోజు చాలదు. 50 వేల వస్తువులని చెబుతారు, అన్నీ కాలక్రమంలో పేర్చి ఉంటాయి. పెట్టినాయన కథ కూడా బాగుంటుంది. మిండెన్ దగ్గరే మట్టి ఇంట్లో పుట్టాడు, చికాగో వెళ్ళి కోళ్ళ గూళ్ళ కిటికీలకు అద్దం బదులు వాడే ప్లాస్టిక్ షీటు కనిపెట్టి డబ్బు సంపాదించాడు, ఆ ప్లాస్టిక్ డబ్బుతో 1953లో తన చిన్ననాటి లోకాన్ని మ్యూజియంగా పెట్టాడు.

నేను ఎక్కువసేపు ఉన్నది వంటిళ్ళ దగ్గర. 1830 నాటి వంటగదితో మొదలుపెట్టి వరసగా ఒక్కో కాలానిదీ ఒక్కో గది. మొదటిదాంట్లో మంట మీద వేలాడే ఇనప కుండ. తర్వాత పోత ఇనుము పొయ్యి. ఆ తర్వాత ఐస్ పెట్టె, కుళాయి, కరెంటు దీపం, ఫ్రిజ్జు. నడుస్తూ పోతుంటే ఒకటి గమనించాను. మొదటి గదిలో ఇంటిల్లిపాదికీ పని ఉంది. మొగుడు కట్టెలు కొట్టాలి, మొక్కజొన్న పిండి పట్టించుకురావాలి, పిల్లలు నీళ్ళు మోయాలి, వెన్న చిలకాలి. ఒక్కో గది దాటేకొద్దీ ఒక్కొక్కరూ తప్పుకుంటూ వచ్చారు. గ్యాస్ వచ్చింది, కట్టెలు కొట్టేవాడికి సెలవు. కుళాయి వచ్చింది, పిల్లలకు సెలవు. చివరి వంటింట్లో అన్ని మిషన్లూ ఉన్నాయి, ఒక్క మనిషే ఉంది. పని తేలికైన మాట నిజం. ఎవరి పని తేలికైంది అనేది కూడా చూసుకోవాలి కదా. మా ఆయనకు ఇది చెప్పాను. డిష్‌వాషర్ ప్రస్తావన నేను తేలేదు, తనే తెచ్చుకున్నాడు.

అలాగని పాతదాన్ని మెచ్చుకోలేను. సోమవారం చాకలి పని, అప్పట్లో ఇక్కడి ఇళ్ళలో అదొక ఆచారం. పొద్దున్నే బావి నుంచి నీళ్ళు తోడాలి, పొయ్యి మీద మరగబెట్టాలి, బట్టలు కట్టెతో కుళ్ళబొడవాలి, గరుకు పలక మీద రుద్దాలి, జాడించాలి, పిండాలి. గాలన్ నీళ్ళు 8 పౌండ్ల పైనే బరువుంటాయి, ఒక వారం బట్టలకు ఎన్ని బకెట్లో లెక్కేసుకోండి. సబ్బు కూడా ఇంట్లో చేసుకోవాల్సిందే. కట్టెల బూడిదలో నీళ్ళు పోసి వడకట్టిన క్షారంలో పంది కొవ్వు కలిపి ఉడికిస్తారు. అత్తయ్యకు బూడిద దాకా అభ్యంతరం లేదు, చవుడుతో బట్టలుతికిన రోజులు ఆవిడకు తెలుసు. పంది కొవ్వు దగ్గర ఆగిపోయారు. "దాంతో ఉతికితే మళ్ళీ ఇంకోసారి ఉతకాల" అన్నారు.

వాషింగ్ మెషిన్లలో పెట్రోల్ ఇంజన్‌తో నడిచేవి కూడా ఉండేవి, కరెంటు లేని పొలాల ఇళ్ళ కోసం. 1930ల మధ్యకు ఊళ్ళల్లో పదింట తొమ్మిది ఇళ్ళకు కరెంటు ఉంటే, పొలాల్లో పదింట ఒక్క ఇంటికే ఉండేది. కంపెనీలకు అర మైలుకొక ఇంటికి తీగలాగడం గిట్టలేదు. మళ్ళీ అదే అర మైలు! 1935లో రూజ్‌వెల్ట్ ప్రభుత్వం గ్రామీణ విద్యుదీకరణ సంస్థ పెట్టి, రైతుల సహకార సంఘాలకు అప్పులిచ్చాక పరిస్థితి మారింది. నెబ్రాస్కాలో ఇప్పటికీ కరెంటు మొత్తం ప్రజల చేతిలోనే ఉంది, ప్రైవేటు కంపెనీ లేని ఒకే ఒక్క రాష్ట్రం ఇది. మా నెల బిల్లు ఇచ్చేది కూడా అలాంటి సంస్థే.

మా అమ్మాయికి కార్లూ విమానాలూ నచ్చాయి. వాటి గురించి నేను రాయను, నేను చూడలేదు.

రాత్రికి బ్రోకెన్ బో చేరాం. శాకాహారం దొరకడం కష్టమైంది, రైస్ కుక్కర్ వెంట తెచ్చుకున్నాం కాబట్టి బతికిపోయాం. హోమ్‌స్టెడ్ వాళ్ళేం తిన్నారయ్యా అంటే మొక్కజొన్న రొట్టె, మొక్కజొన్న జావ, ఉప్పేసిన పంది మాంసం, బీన్స్. కాఫీ గింజలు కొనలేనప్పుడు మొక్కజొన్నలూ, రై అనే ధాన్యం గింజలూ మాడ్చి కషాయం కాచుకున్నారు. దాన్ని కూడా కాఫీ అనే అన్నారట, పాపం.

సోమవారం

ఈ ట్రిప్పు మొత్తం దీనికోసమే. కామ్‌స్టాక్ అనే చిన్న ఊరి దగ్గర డౌస్ సాడ్ హౌస్ అని ఉంది, 1900లో కట్టిన మట్టిపెళ్ళల ఇల్లు. నమూనాగా కట్టింది కాదు, 1950ల దాకా మనుషులు కాపురం చేసిన అసలు ఇల్లే. చుట్టూ పచ్చిక గుట్టలు, మేస్తున్న ఆవులు, గాలి. ఇంకో కారు లేదు.

దూరం నుంచి చూస్తే మామూలు ఇల్లే అనిపిస్తుంది. దగ్గరికెళ్ళి కిటికీ దగ్గర గోడ మందం చూస్తే అర్థమవుతుంది. మా అమ్మాయి కిటికీ గూట్లో కాళ్ళు ముడుచుకుని కూర్చుంది, అంత లోతు. సాడ్ ఇల్లంటే నాగలితో గడ్డిని వేళ్ళతో సహా పట్టీలుగా కోసి, ఆ పట్టీల్ని మూడడుగుల ముక్కలు చేసి, గడ్డి కిందికి వచ్చేలా తిరగేసి ఇటుకల్లా పేర్చడమే. బియాట్రిస్‌లో చూసిన ఆ వేళ్ళే మట్టిని పట్టి ఉంచేది, సున్నం లేదు, సిమెంట్ లేదు. ఒక ఇంటికి సుమారు ఎకరం నేల మీది పచ్చిక పట్టేది. ఇక్కడ చెట్లు లేవు, దుంగలు కావాలంటే వాగు పక్కన కొద్దిగా దొరికినవే. అందుకని మట్టి. గోడలు రెండు మూడు అడుగుల మందం కాబట్టి ఎండాకాలం చల్లగా, చలికాలం వెచ్చగా ఉంటుంది. బయట 95 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉన్నప్పుడు లోపలికి అడుగుపెట్టగానే మా అందరికీ తెలిసింది.

ఖర్చు చెప్తే నమ్మరు. ఇక్కడికి దగ్గర్లోనే నార్త్ లూప్ అనే చోట 1872లో నేల తవ్వి చేసుకున్న 14 అడుగుల మట్టి ఇంటి (డగౌట్ అంటారు) లెక్క ఒకటి మిగిలింది. కిటికీకి 1.25 డాలర్లు, తలుపు చెక్కకు 54 సెంట్లు, గడియకు 50, కప్పులోంచి పోయే పొగగొట్టానికి 30, మేకులకు పంతొమ్మిదిన్నర. మొత్తం 2 డాలర్ల 78 సెంట్ల చిల్లర. మా ఆయన కళ్ళు మెరిశాయి. నేను మాత్రం ఇంకో సంగతి చూశాను. ఖర్చులో సగం దగ్గర దగ్గర కిటికీ ఒక్కదానికే పోయింది. అన్నీ తామే చేసుకున్నారంటాం గానీ గాజు చేసుకోలేరు, మేకు చేసుకోలేరు, పొయ్యి చేసుకోలేరు. రైలొస్తే వస్తువులొచ్చేవి, పంట పండితే డబ్బొచ్చేది, పండకపోతే అప్పు. 1874లో మిడతల దండు వచ్చి పైరు మొత్తం తినేసి పోయింది. చాలామంది అయిదేళ్ళు పూర్తికాకుండానే వదిలేసి వెళ్ళిపోయారు.

కప్పు గురించి అత్తయ్యకు ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. తలెత్తి చూసి "వానొస్తే కురుస్తాదే ఇది" అన్నారు. కురిసేది. మట్టి కప్పున్న ఇళ్ళల్లో రెండు రోజులు వాన పడితే వాన వెలిశాక కూడా మూడో రోజు లోపల కురుస్తూనే ఉండేదట, పొయ్యి మీద వంట చేసే మనిషికి ఇంకొకరు గొడుగు పట్టేవాళ్ళట. పైనుంచి మట్టీ పురుగులూ ఒక్కోసారి పాములూ పడతాయని లోకప్పు కింద గుడ్డ కట్టేవాళ్ళు. అత్తయ్య పుట్టింటిది మట్టి మిద్దె. ఏటా వానలకు ముందు మిద్దె మీద చవుడు పోసేవాళ్ళు, నీళ్ళు దిగకుండా. "అయినా కురుస్తాంటే రాత్రంతా చెంబులూ గిన్నెలూ పెట్టుకుంటా కూచుంటాంటిమి. మా నాయన సిమెంటు మిద్దె ఏసినాక ఒకతూరి పెద్ద వానొచ్చింది. మాయమ్మ నిద్రపోల్యా, లేచి కూచుంది, యాడ కురుస్తాదో అని." ఆవిడ గొంతులో బెంగ లేదు. పాత మిద్దె మీద ఆవిడకు ఏ మమకారమూ లేదు. ఇప్పుడు అదే ఊళ్ళో కొందరు సిటీ పిల్లలు రిసార్టుకు మట్టి ఇళ్ళు కడుతున్నారని చెబితే "చవుడు ఎవరు పోస్తారంట?" అని అడిగారు.

వంటచెరకు సంగతి కూడా ఆవిడకు వెంటనే పట్టుబడింది. కట్టెలు లేని చోట ఎండిన పేడ, మొక్కజొన్న కంకుల బెండ్లు, మెలిపెట్టి కట్టిన ఎండుగడ్డి. మొదట్లో అడవిదున్నల పేడ, వాటిని వేటాడి మాయం చేశాక ఆవులది. కొత్తగా వచ్చిన ఆడవాళ్ళు మొదట పుల్లతో తోసి, తర్వాత చేతికి గుడ్డ చుట్టుకుని, ఆ తర్వాత ఒట్టి చేత్తో ఏరడం అలవాటు చేసుకున్నారట. గడ్డి అయితే ఇట్టే మండి ఆరిపోతుంది, పొయ్యి దగ్గర ఒకరు కాపలా ఉండాలి. 1888 జనవరి 12న హఠాత్తుగా మంచు తుపాను వచ్చినప్పుడు ఈ మైదానాల్లో రెండు వందల మందికి పైగా చచ్చిపోయారు, చాలామంది బడి నుంచి ఇంటికి బయల్దేరిన పిల్లలు. పొద్దున ఎండగా ఉండటంతో పెద్ద కోట్లు లేకుండా వెళ్ళినవాళ్ళు. మా అమ్మాయికి చలికాలంలో మంచుకు బడి సెలవని ఫోన్‌కు స్నో డే మెసేజ్ వస్తే పండగ.

ఒక్కటి మాత్రం ఈ ఇంట్లో నిలబడి అసూయ పడ్డాను. ఒకే పొయ్యి, ఒకే దీపం కాబట్టి చలికాలం రాత్రి ఇంటిల్లిపాదీ ఒకే బల్ల చుట్టూ ఉండాల్సిందే, ఇష్టమున్నా లేకపోయినా. మా ఇంట్లో ఎవరి గది వాళ్ళది, అన్నం తినడానికి పిలవాలన్నా వాట్సాప్ చేస్తాను. అయితే దీనికి మట్టి ఇల్లు కావాలా? వైఫై ఆపితే చాలదా? ఆపే ధైర్యం నాకు లేదు, అది వేరే సంగతి.

తిరుగు దారిలో మా ఆయన కొత్త ప్లాన్ చెప్పాడు. అయిదెకరాలు అలాగే ఉన్నాయి. సోలార్ పలకలు, పెద్ద బ్యాటరీ, బోరు, డీప్ ఫ్రీజర్, శాటిలైట్ ఇంటర్నెట్, ఎందుకంటే ఉద్యోగం ఇంటి నుంచే. "నీక్కావాల్సింది సింపుల్ లైఫ్ కాదు, అమెజాన్ వ్యాన్ వచ్చే అడవి" అన్నాను. ఒప్పుకున్నాడు. కోళ్ళు మాత్రం పెంచాలంటాడు. అవి పొద్దున అయిదింటికి లేస్తాయని అత్తయ్య వెనక సీట్లోంచి చెప్పారు.

మీరెవరైనా వెళ్ళేట్టయితే, డౌస్ ఇంటికి బ్రోకెన్ బోలో పెట్రోల్ నింపుకుని, మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకుని, మంచినీళ్ళు పెట్టుకుని బయల్దేరండి. మిండెన్‌కు ఉదయమే వెళ్ళండి, కాళ్ళకు మంచి బూట్లు వేసుకోండి, పెద్దవాళ్ళుంటే మధ్యలో కూర్చోనివ్వండి. బియాట్రిస్‌లో గడ్డి ఎత్తుగా చూడాలంటే ఆగస్టు చివర, సెప్టెంబర్ మంచి సమయం. మైదానంలో నడిచాక కాళ్ళకు టిక్స్, అదే పిడుదులు, అంటుకున్నాయేమో చూసుకోవడం మర్చిపోకండి.